అజ్ఞేయవాదులు, మతసంశయవాదులు

దైవము కలదో లేదో, దేహము నశించిన పిమ్మట ఆత్మ నిలుచునో నిలువదో, ఈ జగత్తునకు ఆదికారణ మెట్టిదో యను ప్రశ్నలకు మానవుడు తన బుద్ధిచేతను అనుభవముచేతను నిశ్చయమైన సమాధానమును పొందజాలడనియు, పొందని నిశ్చయమును పొందినట్లు ప్రకటించుట సత్యమునకు ద్రోహమనియు భావించువారిని అజ్ఞేయవాదులందురు. వీరు ఆస్తికులు కారు. అట్లని నాస్తికులును కారు. ఆస్తికుడు కలడనును, నాస్తికుడు లేడనును. అజ్ఞేయవాది ఈ రెండు తీర్పులలో దేనికిని చాలినంత ప్రమాణము లభింపలేదని చెప్పి ఊరకుండును. మతసంశయవాది యను పేరు ఇంతకంటె విశాలమైనది. శ్రుతిప్రామాణ్యమునో, మహిమలనో, పురోహితుల అధికారమునో ప్రశ్నించి దైవమునందు మాత్రము విశ్వాసము నిలుపుకొన్నవారును అందు చేరుదురు. ఈ భేదమును మరచి అందరిని ఒక్క పేరనే దూషించుట చిరకాలముగా జరుగుచున్నది గాని చరిత్ర నెఱిగినవారు అట్లు చేయరాదు.

సంశయాత్ముడు నశించునని గీత శాసించినమాట అందరు నెఱుగుదురు. కాని మన శాస్త్రములే సంశయమున కిచ్చిన గౌరవస్థానమును తలచువారు తక్కువ. గౌతముని న్యాయసూత్రములు పదునారు పదార్థములను పరిగణించుచు, ప్రమాణ ప్రమేయముల వెంటనే మూడవదానిగా సంశయమును నిలిపినవి. పూర్వమీమాంసకులు ప్రతి అధికరణమునకును విషయమును చెప్పిన తోడనే సంశయమును చెప్పి, పూర్వపక్షమును నడపి, ఆపై గాని సిద్ధాంతమునకు రారు. అనగా సందేహము లేనిచోట విచారమే లేదని వారి తాత్పర్యము. ఋగ్వేద దశమ మండలమునందలి నాసదీయసూక్తము సృష్టికి పూర్వస్థితిని వర్ణింపబూని, దేవతలు సృష్టికి తరువాతివారు గదా, ఇది ఎట్లు పుట్టెనో ఎవ్వ డెఱుగునని ప్రశ్నించి, పరమవ్యోమమునం దున్న అధ్యక్షు డెఱుగునేమో, అతడును ఎఱుగడేమో యని ముగించినది. పూజ్యగ్రంథముగా పారాయణము చేయబడు సంహితలోపలనే ఇంతటి సాహసముగల సందేహము సురక్షితముగా నిలిచియుండుట ప్రపంచ మత వాఙ్మయమున అరుదైన విషయము.

బుద్ధుని కాలమున మగధదేశమునందు సంజయ బేలట్ఠిపుత్తుడను ఆచార్యు డుండెను. దీఘనికాయమునందలి సామఞ్ఞఫలసుత్తము ప్రకారము, శ్రామణ్యమువలన కలుగు ఫలమేమని అజాతశత్రు మహారాజు అడుగగా, సంజయుడు పరలోకము కలదని తనకు తోచినచో కలదనియే చెప్పుదుననియు, అట్లు చెప్పననియు, లేదనియు చెప్పననియు, కాదనియు చెప్పననియు ఉత్తర మిచ్చెనట. రాజు విసిగి, తాను దర్శించిన ఆచార్యులలో ఇంతటి మూఢుడు లేడని తలచెను. బౌద్ధులు ఈ వాదమును పట్టుబడక జారిపోవు మాటల వాదమని పరిహసించిరి. కాని బుద్ధుని అగ్రశిష్యులైన శారిపుత్ర మౌద్గల్యాయనులు ఇరువురును మొదట ఈ సంజయుని శిష్యులే యని బౌద్ధ సంప్రదాయమే చెప్పుచున్నది. మూఢుని యొద్ద అట్టి మేధావులు శుశ్రూష చేసియుందురా? సంజయుని మాటలు ఆయన ప్రత్యర్థుల గ్రంథములయందు తప్ప మనకు దొరకవు. కావున ఆయన మౌనమునకు వెనుకనున్న తర్కమెట్టిదో ఆ పరిహాసమునుబట్టి నిర్ణయింపరాదు. బుద్ధుడును లోకము శాశ్వతమా, అశాశ్వతమా, మరణానంతరము తథాగతు డుండునా అను ప్రశ్నలకు ఉత్తర మీయలేదు. ఆ సమాధానముకొరకు పట్టుబట్టిన మాలుంక్యపుత్తుడను భిక్షువుతో, విషబాణము తగిలినవాడు బాణము వేసినవాని కులగోత్రములు తెలిసినగాని చికిత్స చేయించుకొననన్నచో ఏమగునో విచారింపుమనెను. అయితే కర్మమునందును పునర్జన్మమునందును ఆయనకు నిశ్చయ ముండెను గనుక ఆయనను అజ్ఞేయవాదిగా గణించుట పొరపాటు.

ప్రత్యర్థుల పుటలయందే బ్రదికియుండుట చార్వాకులకును తప్పలేదు. బార్హస్పత్యసూత్రములుగా చెప్పబడునవి నేడు లేవు; పదునాలుగవ శతాబ్దమున మాధవాచార్యులు సర్వదర్శనసంగ్రహమునందు ఖండింపబూని మొట్టమొదట నిలిపిన దర్శనముగా, జైన బౌద్ధ నైయాయికుల పూర్వపక్షములుగా వారి మాటలు ముక్కలు ముక్కలుగా మిగిలినవి. ఈ నష్టములో ఒక్క అపవాదము జయరాశిభట్టు. రమారమి ఎనిమిది తొమ్మిది శతాబ్దములనాటి ఈ పండితుడు రచించిన తత్త్వోపప్లవసింహము తాళపత్రప్రతి 1926లో గుజరాతునందలి పాటణమున ఒక జైన గ్రంథభాండాగారమున బయల్పడి, 1940లో బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలయందు ముద్రితమైనది. సామాన్య చార్వాకుడు ప్రత్యక్షమునైనను ప్రమాణముగా నంగీకరించును. జయరాశి ప్రత్యక్షానుమానాదులలో ఏ ప్రమాణమునకును నిర్దుష్టమైన లక్షణము చెప్ప వీలులేదని నైయాయిక, మీమాంసక, బౌద్ధ, సాంఖ్యమతముల నన్నిటిని వారి పరిభాషలోనే ఖండించెను. తమ దర్శనమును సయితము ఖండించిన ఆ గ్రంథమును శతాబ్దములపాటు కాపాడినవారు జైనులే యనుట వారి విద్యాభిమానమునకు శాశ్వతకీర్తి.

గ్రీకుదేశమున క్రీ. పూ. ఆరవ శతాబ్దమునాడే క్సెనోఫేనీసు, ఎద్దులకును గుఱ్ఱములకును చేతులున్నచో అవి తమ దేవతలను ఎద్దులుగను గుఱ్ఱములుగను చిత్రించుకొనియుండునని చెప్పి, మనుజులు తమ ఆకారమునే దైవమునకు ఆరోపించుటను ఎత్తిచూపెను. అయిదవ శతాబ్దివాడైన ప్రోటాగొరాసు దేవతలను గూర్చి ఒక గ్రంథము రచించి, వారు కలరో లేరో తాను తెలియజాలననియు, విషయము గహనమగుటయు మానవాయువు స్వల్పమగుటయు అందులకు కారణములనియు ఆరంభమునందే ప్రకటించెను. ఆ గ్రంథమునుండి మిగిలినది ఆ ప్రారంభవాక్య మొక్కటియే. ఎథెన్సు పౌరులు దాని ప్రతులను సేకరించి దహించిరని తరువాతి గ్రంథకర్తలు వ్రాసినారు. ఎలిస్ పురవాసి పిరో అలెగ్జాండరు సేనలతో భారతదేశమునకు వచ్చి ఇచ్చటి దిగంబర తాపసులను చూచినవాడు. తీర్పు నిలిపివేసినవానికి చిత్తశాంతి తనంతట వచ్చునని ఆయన సంప్రదాయమువారు బోధించిరి. రోమకులలో సిసిరో క్రీ. పూ. 45లో రచించిన దేవతాస్వరూప సంవాదమున కొట్టా అను పాత్ర మిక్కిలి గమనింపదగినది. అతడు రోమునగర ప్రధానార్చకులలో ఒకడు. పూర్వులు విధించిన క్రతువులను అర్చకుడుగా నిర్వర్తింతును గాని, తాత్త్వికుడుగా నాకు నిదర్శనము కావలెనని స్టోయికులను నిలదీయును. ఆచారమును విడువకయే విశ్వాసమును ప్రశ్నించు ఇట్టివారు మన ఇండ్లలోను కొల్లలుగా గలరు.

చీనాదేశమున కన్ఫ్యూషియసు, మనుష్యులను సేవించుటయే సరిగా తెలియనివారు ప్రేతాత్మల సేవను గూర్చి అడుగనేలనని శిష్యుని మందలించెను. ఆ వైఖరి ఆ దేశపు విద్యావంతులయందు వేయేండ్లకు పైగా నిలిచినది. ఇస్లామీయ లోకమున సిరియా కవి అబుల్ అలా అల్ మఅర్రీ (973–1057) ప్రాతఃస్మరణీయుడు. నాలుగవయేట మసూచికముచేత చూపు కోల్పోయిన ఈ మహాకవి అన్ని మతముల ఆచార్యులను సమానముగా ప్రశ్నించి, బుద్ధి తప్ప వేరు గురువు లేడని పలికి, మాంసమే కాక పాలు తేనెలు సయితము విడిచి, ప్రాణికోటికి హింస లేకుండ బ్రదుక యత్నించెను. 2013లో అంతర్యుద్ధ సమయమున ఆయన జన్మస్థలమునందలి విగ్రహపు శిరస్సును ఛేదించిరి. ఉమర్ ఖయ్యాము తెలుగువారికి దువ్వూరి రామిరెడ్డిగారి పానశాలవలన చిరపరిచితుడు. అయితే ఆయన పేర ప్రచారముననున్న రుబాయీలలో ఏవి ఆయనవో నిర్ధారణ కాలేదు గనుక, ఆ పద్యములనుబట్టి ఆ గణితశాస్త్రజ్ఞుని మతమును తేల్చుట సాహసము.

ఐరోపాఖండమున సంశయము పునర్జన్మ మెత్తుటకు ఒక గ్రంథము కారణమైనది. ప్రాచీన సంశయవాదుల తర్కమును సంగ్రహించిన సెక్స్టస్ ఎంపిరికసు గ్రంథము 1562లో లాటినుభాషయందు అచ్చుపడగా, మతయుద్ధములచేత రక్తసిక్తమైన ఫ్రాన్సునందు మోంటేన్ దానిని చదివి, అందలి వాక్యములను తన గ్రంథాలయపు దూలములపై వ్రాయించుకొని, నాకేమి తెలియునను ప్రశ్నను తన జీవితముద్రగా స్వీకరించెను. ఆయన మరణపర్యంతము కాథలిక్కుగనే ఉండెను. బుద్ధి దుర్బలము గనుక మతాచారమును విడువనక్కరలేదని ఆయన వాదము. పియేర్ బేల్ మాత్రము ఇంకొక అడుగు ముందుకు వేసి, 1682లో తోకచుక్కలను గూర్చి వ్రాయుచు, దైవభక్తి లేనివారి సమాజమును ధర్మముగా మనగలదని వాదించెను. ఇది ఆనాడు ఊహకందని మాట. మూడేండ్లకు ఫ్రాన్సునందు మతము కారణముగా చెరబడిన ఆయన సోదరుడు ఆ చెరలోనే మరణించెను. హాలండునకు వలసపోయియున్న బేల్ పరమతసహనమును సమర్థించుచు వ్రాసిన రచనలలో ఆ దుఃఖము కనబడును.

ఈ పరంపరయందు స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూము (1711–1776) శిఖరస్థానీయుడు. మహిమలను గూర్చి 1748లో వెలువరించిన వ్యాసమున, ప్రకృతినియమ మతిక్రమింపబడినదని చెప్పు సాక్ష్యము నమ్మదగినది కావలెనన్నచో, ఆ సాక్ష్యము అబద్ధమగుట ఆ మహిమకంటె వింతయై యుండవలెనని ఒక కొలమానమును నిర్ణయించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి 1745లో చేజారుటకును, గ్లాస్గోనందు తరువాత అట్లే జరుగుటకును ఈ సంశయఖ్యాతియే కారణము. ఆయన అత్యుత్తమ కృతి యనదగిన ప్రకృతిసిద్ధమత సంవాదములు ఇరువదియైదేండ్లు పెట్టెలోనే యుండెను. అందలి ఫైలో అను పాత్ర, గృహమును చూచి శిల్పిని ఊహించినట్లు జగత్తును చూచి కర్తను ఊహింతుమను వాదమును విడదీసి చూపును: గృహములు కట్టబడుటను పెక్కుమార్లు చూచితిమి, జగత్తులు కట్టబడుటను ఎన్నడును చూడలేదు, కర్త ఒక్కడే యని గాని, సమర్థుడని గాని, నేటికిని జీవించియున్నాడని గాని ఈ ఉపమానము నిరూపింపదు, జగత్తు యంత్రముకంటె వృక్షమునకే ఎక్కువ పోలిక గలది కావచ్చును. ఇంత చెప్పియు దైవము లేడని హ్యూము ఎచ్చటను తీర్మానింపలేదు. మన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలియందు కార్యత్వహేతువుచే ఈశ్వరుని సాధించిన తీరును ఎఱిగినవారు హ్యూమును చదివినచో ఆ వాదప్రతివాదములు దేశకాలముల నతిక్రమించి ఒకదానినొకటి పలుకరించుట వినగలరు.

హ్యూము మృత్యుశయ్యపై నుండగా జేమ్స్ బాస్వెల్ 1776 జులైలో ఆయనను చూడవచ్చి, పరలోకమునందు ఇప్పుడైనను ఆశ కలదా యని అడిగెను. ఆయన ప్రసన్నముగా లేదని చెప్పగా, బాస్వెల్ మనస్సే కలతచెందెను. హ్యూము నిర్యాణమును ఆయన మిత్రుడు ఆడమ్ స్మిత్ ఒక లేఖయందు వర్ణించి, మానవదౌర్బల్యము అనుమతించినంతవరకు పరిపూర్ణమైన వివేకమును శీలమును గలవాడని కొనియాడెను. ఆ లేఖ ప్రకటితమైనప్పుడు వచ్చిన నిందలు, ఇంగ్లండు వాణిజ్యవిధానమును తూలనాడిన తన మహాగ్రంథమునకు వచ్చిన నిందలకంటె పదిరెట్లని స్మిత్ తరువాత వాపోయెను. అయినను సంవాదముల ప్రకటనభారమును వహించుటకు స్మిత్ సయితము జంకెను. 1779లో హ్యూము అన్న కుమారుడు వానిని వెలువరించెను.

అజ్ఞేయవాదమునకు ఆంగ్లమున నేడున్న నామమును కల్పించినవాడు ప్రాణిశాస్త్రజ్ఞుడు థామస్ హెన్రీ హక్స్లీ (1825–1895). 1869లో లండనునందు ఏర్పడిన తత్త్వచర్చాసమితియందు మతాచార్యులు, భౌతికవాదులు, ఆదర్శవాదులు ఎవరి బిరుదు వారు ధరించియుండగా, తనకు మాత్రము ఏ సిద్ధాంతనామమును లేకపోవుటచే ఆయన ఈ పేరు పెట్టుకొనెను. అది మతము కాదు, ఒక విధానమని 1889నాటి వ్యాసములయందు వివరించెను: బుద్ధిని అది తీసికొనిపోగలిగినంత దూరము అనుసరింపుము, నిరూపితము కానిదానిని నిశ్చితమని చెప్పకుము. ఈ సూత్రమునకు అసలు పరీక్ష అంతకు ముందే జరిగినది. 1860 సెప్టెంబరులో నాలుగేండ్లు నిండని ఆయన జ్యేష్ఠపుత్రుడు నోయెల్ స్కార్లెట్ జ్వరమున మరణింపగా, మతాచార్యుడును మిత్రుడునగు చార్లెస్ కింగ్స్లీ ఆత్మ అమృతత్వమును గుర్తుచేయుచు ఓదార్పులేఖ వ్రాసెను. హక్స్లీ ప్రత్యుత్తరము సంశయసాహిత్యమంతటిలోను ఉదాత్తమైనది. ఆత్మ అమరమని నమ్ముటకు గాని కాదనుటకు గాని తనకు హేతువు లేదనియు, తన హృదయము ఎంతగా కోరునో అంతగానే దాని విషయమున జాగరూకుడై యుండవలెననియు, ఓదార్పుకొరకు అసత్యమును ఆశ్రయింపననియు వ్రాసెను. పుత్రుని సమాధియొద్ద మతగురువు, మృతులు లేవనిచో తిని త్రాగి సుఖింతమను భావముగల వాక్యమును చదివినప్పుడు తనకు కలిగిన జుగుప్సను దాచలేదు. పునరుత్థానము లేనంతమాత్రమున ప్రేమయు కర్తవ్యమును వ్యర్థములగునా యని ఆయన ప్రశ్న. సంశయము సుఖలోలుల వ్యసనమని నిందించువారు ఈ లేఖను చదువవలెను.

చార్లెస్ డార్విన్ మతగురువు కాదలచి కేంబ్రిడ్జిలో చదివినవాడు. పరిణామసిద్ధాంతమే ఆయన విశ్వాసమును హరించెనని లోకము చెప్పుకొనును గాని సత్యము మరింత సంకీర్ణమైనది. 1851లో పదేండ్ల కుమార్తె ఆన్నీ మరణము, ప్రకృతియందు కనబడు క్రౌర్యము, అన్యమతస్థులకు శాశ్వతనరకమను సిద్ధాంతముపై రోత, ఇవన్నియు మెల్లమెల్లగా పనిచేసినవి. సజీవమైన గొంగళిపురుగుల దేహములను లోపలినుండి తినునట్టి కందిరీగలను దయామయుడగు దైవము బుద్ధిపూర్వకముగా సృజించెనని ఒప్పలేనని 1860లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రేకు వ్రాసెను. 1879నాటి లేఖలో, తాను ఎన్నడును దైవము లేడను నాస్తికుడుగా లేననియు, అజ్ఞేయవాది యనుటయే తన మనఃస్థితికి తగిన పేరనియు తెలిపెను. భక్తురాలగు భార్య ఎమ్మా మనస్సు నొవ్వకుండ ఆయన ఈ విషయమున మితభాషిగా నుండెను. ఆత్మకథయందలి మతవిషయిక భాగములను 1887లో కుటుంబమువారు తొలగించి అచ్చువేయగా, మనుమరాలు నోరా బార్లో 1958లో వానిని పునరుద్ధరించెను.

ఆ కాలపు స్త్రీలలో జార్జ్ ఇలియట్ పేర నవలలు రచించిన మేరియన్ ఎవాన్స్ 1842లో చర్చికి పోనని తండ్రితో చెప్పి గృహకలహమును ఎదుర్కొని, కొన్ని నెలలకు తండ్రికొరకు మరల వెళ్లుచు, తన ఆలోచనలను మాత్రము తన సొంతముగనే నిలుపుకొనెను. 1880లో ఆమె మరణించినప్పుడు వెస్ట్‌మినిస్టర్ ఆబీయందు ఆమెకు చోటు దొరకలేదు. రెండేండ్లకు డార్విన్‌కు దొరకినది. గణితవేత్త విలియం క్లిఫర్డ్ 1877లో, జీర్ణమైన ఓడను పరీక్షింపక దైవముపై భారము వేసి ప్రయాణికులను పంపిన యజమాని దృష్టాంతమున, చాలిన సాక్ష్యము లేక నమ్ముట నైతికాపరాధమని వాదించెను. అజ్ఞేయమును ఒక పరమతత్త్వముగా నిలిపిన హెర్బర్ట్ స్పెన్సర్ ఆనాడు మన దేశమున హక్స్లీకంటె ఎక్కువ ప్రసిద్ధుడైనను, తెలియనిదానిని గూర్చి ఆయన మిక్కిలి తెలిసినట్లు వ్రాసెనని నా యభిప్రాయము. అమెరికాలో మతగురువు కుమారుడైన రాబర్ట్ ఇంగర్‌సాల్ ఉపన్యాసములకు జనము టిక్కెట్లు కొని వేలుగా వచ్చిరి.

ఇంగ్లండునందు చార్లెస్ బ్రాడ్లా ప్రకటిత నాస్తికుడు; ఐనను సంశయవాదుల పౌరస్వాతంత్ర్యమునకు ఆయన చేసిన సేవ విస్మరింపరానిది. 1880లో నార్తాంప్టన్ ప్రజలచే ఎన్నుకొనబడియు, దైవసాక్షిగా ప్రమాణము చేయు విషయమున తలెత్తిన వివాదమువలన 1886వరకు కామన్సు సభయందు స్థానమును పొందలేకపోయెను. 1888లో ఆయన కృషిచేతనే, దైవనామము లేక సత్యప్రతిజ్ఞ చేయు హక్కు చట్టమైనది. 1889నాటి బొంబాయి కాంగ్రెసుకు వచ్చి భారతీయుల మన్ననల నందిన ఆయన 1891లో మరణింపగా, లండనున చదువుకొనుచున్న గాంధి ఆ అంత్యక్రియలకు వెళ్లినట్లు ఆత్మకథయందు వ్రాసినాడు. మతగురువైన భర్తను విడిచి, బ్రాడ్లా సహచారిణియై సంశయవాదమును ప్రచారము చేసిన ఆనీ బిసెంటు 1889లో దివ్యజ్ఞాన సమాజమున చేరి, భారతదేశమే తన దేశమని వచ్చి, 1915లో మన మదనపల్లెయందు కళాశాల స్థాపించెను. సంశయమునుండి విశ్వాసమునకు నడచినవారిని అపహసించుటయు, విశ్వాసమునుండి సంశయమునకు నడచినవారిని శపించుటయు ఒక్కటే తప్పు.

ఆంధ్రదేశమున త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణాది కృతులచే పురాణప్రామాణ్యమును ప్రశ్నించెను. గోపరాజు రామచంద్రరావు, లోకమునకు గోరా, నాస్తికత్వమును ప్రచారము చేయుటచే కళాశాలోద్యోగములను కోల్పోయి, 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును నెలకొల్పెను. తరువాత అది విజయవాడకు మారినది. ఆయన అజ్ఞేయవాది కాడు, నిశ్చయ నాస్తికుడు. అయినను ఆయనతో గాంధి చేసిన సంభాషణలు ఈ వ్యాసమునకు దూరములు కావు. గోరా కుమార్తె వివాహమున దైవనామమునకు బదులు సత్యము పేర ప్రమాణము చేయించుటకు గాంధి అంగీకరించెను. జవహర్‌లాల్ నెహ్రూ 1954నాటి మరణశాసనమున తనకు మతకర్మలేవియు వలదని, అట్టివానిని నమ్మక లాంఛనముగా జరుపుట కపటమని వ్రాసెను; అయినను 1964లో ఆయన మరణించినప్పుడు ఆ కర్మలు జరిగినవి.

బెర్ట్రండ్ రసెల్ 1927 మార్చి 6న లండను బాటర్సీయందు తాను క్రైస్తవుడను ఎందుకు కానో వివరించుచు చేసిన ఉపన్యాసము జగత్ప్రసిద్ధము. దాని ఛాయ వెంటాడుచుండగా 1940లో న్యూయార్కు నగర కళాశాలయందు ఆయన నియామకమును న్యాయస్థానము రద్దుచేసెను. తాత్త్వికుల సభలో నన్ను అజ్ఞేయవాదినని చెప్పుకొందును, సామాన్యులతో నాస్తికుడనని చెప్పుదునని ఆయన 1947లో వివరించెను. హోమరు దేవతలు లేరని నిరూపింపలేకున్నను వారిని లెక్కలోనికి తీసికొనము గదా యని ఆయన హేతువు. ఇది ఆస్తికులు సయితము తెలిసికొనదగిన సూక్ష్మము: సంశయమునకు అంతరములు గలవు, అన్ని అనిశ్చయములును తుల్యబలములు కావు.

ఈ చరిత్ర వ్రాయువారు మఱియొక విషయమున జాగ్రత్త వహింపవలెను. ప్రసిద్ధ సంశయవాది మరణించిన పిమ్మట, అతడు అంత్యకాలమున పశ్చాత్తప్తుడై మతమును స్వీకరించెనను కథ పుట్టుట పరిపాటి. డార్విన్ నిర్యాణమునకు ముప్పదిమూడేండ్ల తరువాత, 1915లో, లేడీ హోప్ అను మతప్రచారకురాలు ఆయన తన సిద్ధాంతమునకు చింతించి క్రీస్తును స్తుతించెనని అమెరికా పత్రికయందు వ్రాయించెను. మృత్యుశయ్యయొద్ద నుండిన కుమార్తె హెన్రియెట్టా 1922లో దానిని ఖండించి, తండ్రి చివరి వ్యాధియందు గాని మఱి ఏ వ్యాధియందు గాని లేడీ హోప్ అచ్చట లేదనియు, ఆయన తన శాస్త్రాభిప్రాయములలో దేనినిని ఉపసంహరింపలేదనియు ప్రకటించెను. ఆ ఖండన వెలువడి శతాబ్దము గడచినను ఆ కథ నేటికిని కరపత్రములయందు అచ్చగుచున్నది.